దగ్గరి చుట్టం... దూరపు చుట్టం

రక్తం గ్రూపు ఏమిటని ఎవరైనా అడిగితే 'ఓ పాజిటివ్' అనో, 'బి నెగటివ్' అనో ఠక్కున చెప్పేస్తాం. ఆ పాజిటివ్, నెగటివ్‌ల వెనకాల ఒక కోతి ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆస్పత్రి కాగితాల మీద కనిపించే 'ఆర్‌హెచ్' అన్న రెండక్షరాలు 'రీసస్' కోతి పేరులోంచి వచ్చినవే. 1940లో కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రీసస్ కోతి రక్తంతో ప్రయోగాలు చేశారు. ఆ కోతి ఎర్ర రక్తకణాల మీద ఉన్న పదార్థమే మనుషుల్లో చాలామందికీ ఉందని ప్రకటించారు. తర్వాత కొన్నేళ్లకు తేలిందేమిటంటే... కోతిలో ఉన్నదీ మనిషిలో ఉన్నదీ ఒకటి కాదు! అప్పటికే పేరు స్థిరపడిపోయింది. అలాగే ఉండిపోయింది.

మనిషికీ జంతువుకీ మధ్య పోలిక ఇలాగే ఉంటుంది. ఉందనుకున్న చోట ఉండదు. అక్కర్లేదనుకున్న చోట ఎదురవుతుంది. ఈ పోలిక కోసం వెతుకులాట అన్నిటికంటే ఎక్కువగా జరిగింది హెచ్‌ఐవీ విషయంలో. నలభై ఏళ్లు దాటినా ఆ వెతుకులాట ముగియలేదు. దాని ఫలితం మాత్రం మన ఊళ్లలో మందుబిళ్లల రూపంలో కనిపిస్తోంది. ఆ ఫలితానికి మూల్యం చెల్లించిన ప్రాణులు ఎక్కడా కనిపించవు.

ఎలుకకు ఎందుకు సోకదు?

1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన నిమోనియా వచ్చిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ బులెటిన్‌లో ఓ చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి అందిన మొదటి కబురు అదే. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లుక్ మోంటానియర్‌ల బృందం దానికి కారణమైన వైరస్‌ను పట్టుకుంది. 2008లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

శత్రువు ఎవరో తెలిసింది. అది ఒంట్లో చేరిన మొదటి రోజు ఏం చేస్తుంది? మూడో రోజుకు ఎక్కడ దాక్కుంటుంది? రోగులను చూసి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే రోగి డాక్టరు దగ్గరకు వచ్చేసరికే నెలలో, ఏళ్లో గడిచిపోయి ఉంటాయి. ఎప్పుడు సోకిందో చాలామందికి తెలియనే తెలియదు. టీకా సంగతి ఇంకా చిక్కు. అది పనిచేస్తుందో లేదో త్వరగా తేలాలంటే టీకా వేసి, ఆ తర్వాత కావాలనే వైరస్ ఎక్కించి చూడాలి. ప్రాణాంతకమైన వైరస్‌ను మనిషికి అలా ఎక్కించడం నేరం. కాబట్టి ఆ జబ్బే వచ్చే జంతువు ఒకటి కావాలి. శాస్త్రవేత్తలు 'యానిమల్ మోడల్' అనేది దాన్నే.

మామూలుగా ఇలాంటి పనికి ముందు గుర్తొచ్చేది ఎలుక. చవక, త్వరగా పిల్లల్ని పెడుతుంది, బోనులో ఇమిడిపోతుంది. హెచ్‌ఐవీ దగ్గర ఎలుక చేతులెత్తేసింది. అసలు దానికి సోకనే సోకదు!

కారణం తాళం, తాళంచెవి లాంటిది. మన రోగనిరోధక వ్యవస్థకు సేనాపతుల్లాంటి కణాల మీద 'సీడీ4' అనే ప్రొటీన్ ఉంటుంది. అదే హెచ్‌ఐవీ లోపలికి దూరే తలుపు తాళమని 1984లో తెలిసింది. దానికి తోడు 'సీసీఆర్5' లాంటి రెండో గడియ కూడా ఉందని 1996లో బయటపడింది. ఎలుకకూ సీడీ4 ఉంది. కానీ దాని ఆకారం వేరు. వైరస్ దగ్గరున్న చెవి ఆ తాళంలో తిరగదు. పోనీ మనిషి జన్యువులు పెట్టి తలుపు తెరిచినా, లోపల వైరస్ తన కాపీలు తీసుకోవడానికి కావలసిన సరంజామా ఎలుక కణంలో కుదరదు. వైరస్ లోపలికి వెళ్లి ఖాళీ చేతులతో కూర్చుంటుంది.

సీ499

ఎలుక కాకపోతే ఎవరు? మనకు బాగా దగ్గరి చుట్టమైన చింపాంజీ. దాని జన్యువులకూ మన జన్యువులకూ తేడా నూటికి ఒకటీ రెండూ పాళ్లే. ఈ లెక్క చూసి, చింపాంజీలో జరిగేదే మనిషిలోనూ జరుగుతుందని పరిశోధకులు ఆశపెట్టుకున్నారు. 1980లలో అమెరికాలో వాటికి హెచ్‌ఐవీ ఎక్కించడం మొదలైంది. సరిపడా చింపాంజీల కోసం ప్రభుత్వమే 1986లో వాటి సంతాన కార్యక్రమం పెట్టింది. వందకు పైగా చింపాంజీలకు వైరస్ ఎక్కించారు.

వైరస్ సోకింది. రక్తంలో కనిపించింది. కానీ జబ్బు రాలేదు. ఏళ్లు గడిచాయి. అవి తింటున్నాయి, తిరుగుతున్నాయి, సీడీ4 కణాలు తగ్గడం లేదు. జబ్బే రాని జంతువులో ఆ జబ్బుకు మందు ఎలా పరీక్షిస్తారు?

వాటిలో అట్లాంటాలోని యెర్క్స్ కేంద్రంలో ఉన్న ఓ చింపాంజీ కథ వేరు. దాని నంబరు సీ499. పేరు జెరోమ్. చిన్నప్పుడే దానికి హెచ్‌ఐవీ ఎక్కించారు. తర్వాత వేరే రకం వైరస్‌లు కూడా ఎక్కించారు. పదేళ్లకు పైగా గడిచాక దాని సీడీ4 కణాలు పడిపోయాయి. విరేచనాలు, రక్తహీనత, అంటురోగాలు పట్టుకున్నాయి. 1996లో అది చనిపోయింది. హెచ్‌ఐవీ వల్ల చింపాంజీకి ఎయిడ్స్ వచ్చిందని 1997లో శాస్త్ర పత్రికలో వచ్చిన నివేదిక జెరోమ్‌ది. దాని జీవితంలో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్యే గడిచిపోయింది.

విచిత్రం ఏమిటంటే, హెచ్‌ఐవీ పూర్వీకుడు మనిషికి వచ్చింది చింపాంజీల నుంచే. ఆగ్నేయ కామెరూన్ అడవుల్లోని చింపాంజీల్లో ఉన్న వైరసే అసలు మూలమని 2006లో జన్యు పరీక్షలతో రుజువైంది. ఆ వైరస్ సొంత రూపం అడవిలో చింపాంజీలకు హాని చేస్తుందనీ, టాంజానియాలోని గోంబేలో అది సోకిన వాటిలో మరణాలు ఎక్కువనీ 2009లో తేలింది. మనిషిలోకి వచ్చి మారిన రూపాన్ని తిరిగి చింపాంజీకి ఎక్కిస్తే మాత్రం దాదాపు ఏమీ కాలేదు. అన్నిటికంటే దగ్గరి చుట్టం అన్నిటికంటే తక్కువ పాఠం చెప్పింది.

బోనుల మధ్య పుట్టిన జబ్బు

సరిగ్గా అదే సమయంలో ఇంకో కథ నడిచింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ ఇంగ్లండ్ ప్రైమేట్ కేంద్రంలో రీసస్ కోతులు చిక్కిపోయి, అంటురోగాలతో, క్యాన్సర్లతో చనిపోతున్నాయి. 1985లో వాటి రక్తంలో హెచ్‌ఐవీకి చుట్టమైన వైరస్ ఒకటి దొరికింది. దానికి 'ఎస్ఐవీ' అని పేరు పెట్టారు. కోతి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ అని అర్థం.

మరి రీసస్ కోతి ఆసియా జంతువు. ఆసియా అడవుల్లోని కోతుల్లో ఈ వైరస్ ఎక్కడా లేదు. ఎలా వచ్చింది? జవాబు పాత రికార్డుల్లో దొరికింది. పశ్చిమ ఆఫ్రికాలో బూడిదరంగులో ఉండే 'సూటీ మాంగబే' అనే కోతి ఉంది. దాని ఒంట్లో ఎస్ఐవీ ఎప్పటినుంచో కాపురం ఉంటోంది. దానికేమీ కాదు. 1960లలో కాలిఫోర్నియాలోని కేంద్రంలో 'కురు' అనే మెదడు జబ్బు గురించి పరిశోధిస్తూ ఒక కోతి కణజాలాన్ని మరో కోతికి ఎక్కించారు. అలా ఆఫ్రికా కోతిలోని వైరస్ ఎవరికీ తెలియకుండానే ఆసియా కోతిలోకి జారుకుంది. కాలిఫోర్నియా కోతుల్ని 1970లో మసాచుసెట్స్‌కు పంపినప్పుడు వైరస్ కూడా వాటితోపాటే ప్రయాణం చేసింది. లూసియానాలోనూ ఇలాంటిదే జరిగింది. కుష్ఠు వచ్చిన ఓ మాంగబే కణజాలాన్ని రీసస్ కోతులకు ఎక్కిస్తే వాటికి ఎయిడ్స్ లాంటి జబ్బు వచ్చింది.

అంటే, శాస్త్రవేత్తలు వెతుకుతున్న 'మోడల్' వాళ్ల బోనుల్లోనే, వాళ్ల సూదుల ద్వారానే తయారై కూర్చుంది. ఎస్ఐవీ సోకిన రీసస్ కోతికి సీడీ4 కణాలు తగ్గుతాయి. మందులు లేకపోతే మనిషికి సుమారు పదేళ్లలో వచ్చే ఎయిడ్స్, దానికి ఏడాది రెండేళ్లలోనే వస్తుంది. హెచ్‌ఐవీ పరిశోధనకు వెన్నెముకగా నిలిచింది ఇదే.

గోదావరి అవతలి కోతి

ఈ రీసస్ కోతి మనకు కొత్తదేం కాదు. ఉత్తరాదిన గుళ్ల దగ్గర, రైల్వేస్టేషన్లలో కనిపించేది ఇదే. పొట్టి తోక, ఎర్రటి పిరుదులు. దక్షిణాదిన ఎక్కువగా ఉండేది పొడుగు తోక కోతి. నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టుంటుంది. ఈ రెండింటి రాజ్యాలకూ గోదావరి నదే సరిహద్దు అని ప్రకృతి శాస్త్రవేత్తలు చాలాకాలం చెప్పేవారు. ఈమధ్య దశాబ్దాల్లో రీసస్ కోతులు ఆ గీత దాటి దక్షిణానికి వస్తున్నాయి.

ఒకప్పుడు ఈ కోతులు మన దేశం నుంచి ఓడల్లో, విమానాల్లో విదేశాలకు తరలిపోయేవి. 1938లో సుమారు 400 కోతుల్ని ప్యూర్టోరికో దగ్గర్లోని కాయో శాంటియాగో దీవికి తీసుకెళ్లి వదిలారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. పోలియో టీకా రోజుల్లో, 1950లలో అయితే ఏటా లక్షకు పైనే ఎగుమతయ్యేవి. ఆ టీకా తయారీకి కోతి మూత్రపిండాల కణాలే ఆధారం.

మందుల పరిశోధనకని తీసుకెళ్లిన కోతులతో అణు వికిరణ ప్రయోగాలు కూడా చేస్తున్నారని 1970లలో బయటపడింది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతిని ఆపేసింది. 1978 నుంచి మన కోతి బయటికి వెళ్లడం లేదు.

ఆ నిషేధం వచ్చిన మూడేళ్లకే ఎయిడ్స్ బయటపడింది. అప్పటికే అమెరికాలో ఉన్న భారతీయ కోతుల పిల్లలు, ఆ పిల్లల పిల్లలే హెచ్‌ఐవీ పరిశోధనకు దిక్కయ్యాయి. చైనా నుంచి వచ్చిన రీసస్ కోతుల్లో ఎస్ఐవీ కొంత నెమ్మదిగా ఉంటుంది. భారత సంతతి కోతుల్లోనైతే జబ్బు మనిషి జబ్బుకు ఎక్కువ దగ్గరగా నడుస్తుంది. వాటి జన్యువుల గురించీ ఎక్కువ తెలుసు. అందుకే పరిశోధన పత్రాల్లో 'భారత సంతతి రీసస్' అన్న మాట పదేపదే కనిపిస్తుంది.

తేడాయే పాఠం

ఒక చిక్కు మిగిలింది. కోతికి సోకేది ఎస్ఐవీ. మనిషికి సోకేది హెచ్‌ఐవీ. అన్నదమ్ముల బిడ్డలే గాని ఒకటి కాదు. మరి హెచ్‌ఐవీ నేరుగా కోతికి ఎందుకు సోకదు?

2004లో ఆ గుట్టు బయటపడింది. రీసస్ కోతి కణాల్లో 'ట్రిమ్5 ఆల్ఫా' అనే ప్రొటీన్ కాపలా కాస్తుంది. హెచ్‌ఐవీ లోపలికి అడుగు పెట్టగానే దాని పైతొడుగును పట్టుకుని చెడగొట్టేస్తుంది. మనిషికీ ఆ ప్రొటీన్ ఉంది. కానీ మనది హెచ్‌ఐవీని పెద్దగా ఆపలేదు. కోతికి హెచ్‌ఐవీ ఎందుకు రాదని అడిగితే, మనకు ఎందుకు వస్తుందో తెలిసింది!

ఈ తేడాను దాటడానికి శాస్త్రవేత్తలు కలగలుపు వైరస్‌లు తయారుచేశారు. ఎస్ఐవీ ఒళ్లు, హెచ్‌ఐవీ పైచొక్కా. దీన్ని 'షివ్' అంటారు. మొదటివి 1990ల ఆరంభంలో వచ్చాయి. హెచ్‌ఐవీ చొక్కా మీద పనిచేసే టీకాలను, యాంటీబాడీలను పరీక్షించాలంటే ఇదే దారి.

మరోపక్క ఎలుకను కూడా పూర్తిగా వదిలెయ్యలేదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని 'సిడ్' అనే ఎలుక జాతి 1983లో కనిపించింది. బయటి కణాల్ని పెట్టినా దాని ఒళ్లు తిప్పికొట్టదు. 1988లో అమెరికాలో మైక్ మెక్యూన్, డోనాల్డ్ మోసియర్ వేర్వేరుగా ఆ ఎలుకల్లో మనిషి రోగనిరోధక కణాల్ని నాటారు. మెక్యూన్ బృందం వాడింది మానవ పిండ కణజాలం. అందుకే ఆ పద్ధతి మీద వాదాలు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత బిడ్డ పుట్టాక మిగిలే బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలతోనూ ఇలాంటి ఎలుకల్ని తయారు చేయడం నేర్చుకున్నారు. పాతిక గ్రాముల చిట్టెలుక... దాని ఒంట్లో తిరిగేవి మనిషి కణాలు! హెచ్‌ఐవీ వాటికి సోకుతుంది. అయితే ఆ ఎలుకకు మనిషికి ఉన్నంత పూర్తి రోగనిరోధక వ్యవస్థ ఉండదు. ఎక్కువ కాలం బతకదు. మందులు పరీక్షించడానికి బాగుంటుంది, టీకాలకు అంతగా పనికిరాదు.

డెబ్బై రెండు గంటలు

ఇంత చేస్తే వచ్చిందేమిటి? మొదటిది, ఆ జబ్బు నడిచే తీరు తెలిసింది. హెచ్‌ఐవీ అంటే రక్తానికి సంబంధించిన జబ్బనే అందరూ అనుకునేవారు. 1998లో కోతుల్ని పరీక్షించినప్పుడు, వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు భారీగా నాశనమవుతున్నాయని కనిపించింది. రక్తపరీక్షలో ఇంకా పెద్దగా ఏమీ తెలియకముందే లోపల సగం యుద్ధం అయిపోతోంది. 2014లో ఇంకో సంగతి తేలింది. ఎస్ఐవీ ఎక్కించిన మూడో రోజునే, వైరస్ రక్తంలో కనబడకముందే కోతులకు మందులు మొదలుపెట్టారు. 24 వారాల పాటు ఇచ్చి ఆపారు. వైరస్ తిరిగొచ్చింది. అంటే ఆ మూడు రోజుల్లోనే అది ఎక్కడో పాతుకుపోయింది. హెచ్‌ఐవీ మందులు జీవితాంతం ఎందుకు వేసుకోవాలో చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు.

రెండోది మరీ ముఖ్యం. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకు రోగికి గుచ్చిన సూది పొరపాటున గుచ్చుకుందనుకుందాం. ఆ రోగికి హెచ్‌ఐవీ ఉంది. ఇప్పుడు డాక్టర్లు చేసేది ఒకటే. వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టి 28 రోజుల పాటు ఇస్తారు. ఈ లెక్క ఎక్కడిది? మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు ఇవ్వకుండా చూడడం కుదరదు కదా! ఈ లెక్కకు ప్రధాన ఆధారం కోతులే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చే-చుంగ్ త్సాయ్ బృందం 1995లో కోతులకు ఎస్ఐవీ ఎక్కించి, ముందో వెనకో టెనోఫోవిర్ మందు మొదలుపెట్టి నాలుగు వారాలు ఇచ్చింది. మందు అందిన ఒక్క కోతికీ వైరస్ సోకలేదు. అందని వాటన్నిటికీ సోకింది. 1998లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. 28 రోజులు ఇచ్చినవాటికి మంచి రక్షణ దొరికింది. మూడు రోజులు, పది రోజులు ఇచ్చినవాటికి అంత దొరకలేదు. 24 గంటల్లో మొదలుపెట్టినంత ఫలితం 48, 72 గంటలకు మొదలుపెడితే రాలేదు. ఈ రోజు ఆస్పత్రుల గోడల మీద ఉండే ఆ అంకెల వెనక ఉన్నవి ఈ కోతుల ప్రాణాలు. సూది గుచ్చుకున్నవారికైనా, అత్యాచారానికి గురైనవారికైనా గుర్తుండాల్సిన మాట ఒక్కటే. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికో, ఏఆర్‌టీ కేంద్రానికో వెళ్లాలి.

టెనోఫోవిర్ అక్కడితో ఆగలేదు. ఒక్కసారే పెద్దమోతాదులో వైరస్ ఎక్కించడం మనిషి జీవితంలో జరిగే తీరు కాదని పరిశోధకులు పద్ధతి మార్చారు. వారం వారం కొద్దికొద్దిగా వైరస్ తగిలించి చూశారు. 2008లో ప్రచురితమైన ఓ ప్రయోగంలో టెనోఫోవిర్‌కు ఎంట్రిసిటబిన్ కలిపి ఇచ్చిన ఆరు కోతులకు 14 వారాల తర్వాత కూడా ఏమీ సోకలేదు. 2010లో సుమారు 2,500 మంది మనుషులతో జరిగిన పరీక్షలో ఈ రెండు మందులు కలిసిన బిళ్ల హెచ్‌ఐవీని 44 శాతం తగ్గించింది. రోజూ సరిగ్గా వేసుకున్నవారిలో రక్షణ ఇంకా ఎక్కువ. 2012లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. జబ్బు రాకముందే వేసుకునే మందు అన్న ఆలోచన అలా నిలదొక్కుకుంది.

తర్వాత రోజూ బిళ్ల వేసుకోనక్కర్లేని ఇంజెక్షన్లు వచ్చాయి. 2014లో కాబోటెగ్రావిర్ ఇచ్చిన ఎనిమిది కోతుల్లో ఒక్కదానికీ వైరస్ సోకలేదు. 2021లో అది మనుషులకు మందుగా వచ్చింది. ఆరు నెలలకు ఒకసారి తీసుకునే లెనాకాపావిర్ ఇంకా కొత్తది. దానికి దగ్గరి చుట్టమైన మందు ఒకటి కోతులకు రక్షణ ఇస్తుందని 2022లో ప్రచురించారు. 2024లో ఆఫ్రికాలో 2,134 మంది మహిళలకు లెనాకాపావిర్ ఇస్తే ఒక్కరికీ హెచ్‌ఐవీ రాలేదు. 2025 జూన్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. పేద దేశాల కోసం దీన్ని చౌకగా తయారు చేసేందుకు 2024 అక్టోబరులో ఆరు కంపెనీలకు అనుమతి దొరికితే, వాటిలో రెండు హైదరాబాద్‌వే. డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

మన రాష్ట్రంతో ఈ కథకు ముడి ఇక్కడే కాదు. 2000లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఊరికి దూరంగా బతికిన కుటుంబాలు, పెద్దదిక్కు పోయిన ఇళ్లు ఎన్నో. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రంలో నెలనెలా చేతికిచ్చే డబ్బాలోని బిళ్లలో ఎక్కువమందికి ఉండేది టెనోఫోవిరే. సీటెల్‌లో ఆ కోతుల మీద పరీక్షించిన మందే అది.

కోతికి పనిచేసింది... మనిషికి?

ఇదంతా చదివి కోతి చెప్పిందల్లా వేదం అనుకుంటే పొరపాటే. టీకాల విషయంలో అది చాలాసార్లు తప్పుదారి పట్టించింది.

1992లో ఒక జన్యువు తీసేసి బలహీనపరిచిన ఎస్ఐవీని టీకాగా ఇస్తే పెద్ద కోతులకు అద్భుతమైన రక్షణ దొరికింది. ఇక టీకా వచ్చేసినట్టే అనుకున్నారు. 1995లో అలాంటి బలహీన వైరస్‌నే కోతి పిల్లలకు ఇచ్చారు. పిల్లలకు జబ్బు వచ్చింది! ఆ దారి మూసుకుపోయింది. ఈసారి కోతి మనిషిని కాపాడింది. ఆ ప్రయోగం జరక్కపోతే ఆ టీకా మనుషుల దాకా వచ్చేదేమో.

2007లో దెబ్బ మరోలా తగిలింది. కోతుల్లో ఆశ పుట్టించిన ఓ టీకాను సుమారు 3,000 మంది మనుషుల్లో పరీక్షిస్తే అది రక్షణ ఇవ్వలేదు సరికదా, కొందరిలో వైరస్ సోకే అవకాశం పెరిగినట్టు కనిపించింది. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. కారణం వెతికితే, కోతుల్లో వాడిన 'షివ్' రకం మరీ తేలిగ్గా లొంగేదని అర్థమైంది. పరీక్ష పేపరు తేలిగ్గా ఇస్తే అందరూ పాసవుతారు కదా! 2021లోనూ అంతే. కోతుల్లో 67 శాతం రక్షణ ఇచ్చిన మరో టీకా, దక్షిణాఫ్రికా ప్రాంతంలో 2,600 మంది మహిళల్లో విఫలమైంది.

మందుల్లో కోతి మాట చాలావరకు నిజమైంది. టీకాల్లో చాలాసార్లు కాలేదు. ఎందుకు? మందు పనిచేసేది వైరస్ మీద. వైరస్ యంత్రాంగం కోతిలోనూ మనిషిలోనూ దాదాపు ఒకటే. టీకా పనిచేసేది ఒంటి మీద. ఒళ్లు మాత్రం ఎవరిది వారిదే.

బాకీ

జబ్బు రాని చింపాంజీలను ఏం చేశారన్నది మిగిలిన ప్రశ్న. 1995లోనే వాటి సంతాన కార్యక్రమం ఆపేశారు. వైరస్ ఎక్కించిన వాటిని బయటికి వదలలేరు. జబ్బు లేదు కాబట్టి చంపడానికి మనసొప్పలేదు. అవి నలభై, యాభై ఏళ్లు బతుకుతాయి. 2000లో అమెరికా వాటి విశ్రాంతి కోసం చట్టం చేసింది. లూసియానాలో 'చింప్ హేవెన్' అనే ఆశ్రమం వెలిసింది. చింపాంజీలతో చేసే పరిశోధనల్లో చాలావరకు అనవసరమని 2011లో నిపుణుల సంఘం తేల్చింది. 2013లో సుమారు 310 చింపాంజీలకు విశ్రాంతి ప్రకటించారు. అవసరానికని ఉంచుకుందామనుకున్న మిగతా యాభైకీ 2015లో విముక్తి దొరికింది. హెచ్‌ఐవీ ఎక్కించిన చింపాంజీలు కొన్ని ముసలితనంలో మొదటిసారి గడ్డి మీద నడిచాయి, చెట్టెక్కాయి. జెరోమ్ అప్పటికి లేదు.

ఎస్ఐవీని కనుగొన్న న్యూ ఇంగ్లండ్ కేంద్రం కూడా 2015లో మూతపడింది. రీసస్ కోతులకు మాత్రం ఇంకా విశ్రాంతి రాలేదు. పేగుల్లో ఏం జరిగిందో, మూడో రోజున వైరస్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే, చాలావరకు ఆ కోతిని చంపి చూడాల్సిందే. ఇది కమ్మగా చెప్పగలిగే మాట కాదు.

1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ పనికి మూడు నియమాలు చెప్పారు. జంతువు లేకుండా కుదిరితే జంతువును వాడకు. తప్పకపోతే వీలైనన్ని తక్కువ వాడు. వాడేవాటికి బాధ తగ్గించు. ప్రపంచమంతా, మన దేశంతో సహా, జంతు ప్రయోగాల నిబంధనలకు ఇవే పునాది. 2022 డిసెంబరులో అమెరికా, మనుషుల మీద పరీక్షకు ముందు జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న పాత చట్టాన్ని సడలించింది. మనిషి కణాలతో ప్రయోగశాలలో పెంచే చిట్టి అవయవాలు కొన్ని పనులకు ఇప్పటికే అక్కరకొస్తున్నాయి. అయితే సూది గుచ్చుకున్న గంట తర్వాత వైరస్ ఒళ్లంతా ఎలా పాకుతుందో చూపించగల చిట్టి అవయవం ఇంకా లేదు.

మనకు ఎంత దగ్గరగా ఉంటే అంత పనికొస్తుందనుకుని మొదట చింపాంజీ దగ్గరకు వెళ్లారు. అది పనికి రాలేదు. కాస్త దూరపు చుట్టమైన కోతి పనికొచ్చింది. పాతిక గ్రాముల ఎలుక కూడా తన వంతు చేసింది. బోనులోని ప్రాణి బాధ అనుభవించడంలో మాత్రం ఈ మూడింటిలో ఏదీ మనకు దూరపు చుట్టం కాదు. ఏఆర్‌టీ కేంద్రం ముందు వరుసలో నిలబడి, బిళ్లల డబ్బా అందుకుని, మధ్యాహ్నానికల్లా పనిలోకి వెళ్లిపోయే మనిషికి ఇదంతా తెలియాల్సిన పని లేదు. ఆయన బతకాలి, పిల్లల్ని చదివించుకోవాలి. అది తెలుసుకోవాల్సిందీ, ఆ లెక్కను ప్రతి ప్రయోగానికీ ముందు మళ్లీ వేసుకోవాల్సిందీ ఆ మందును తయారు చేసేవాళ్లు, దానికి డబ్బూ అనుమతీ ఇచ్చేవాళ్లు.